బ్రష్షు చేరలేని చోటికి రంగు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

గోడలు, కాన్వాసులు కాకుండా రేకు, గాజు, ప్లాస్టిక్, పీపా, షట్టరు వంటి వాటి మీద స్ప్రే రంగులతో బొమ్మలు వేయడం గురించి ఈ శీర్షికకు కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న ప్రశ్నలను ఏరి, ఈ సంచికలోని పుటలను పూర్తిగా వాటికే కేటాయించాము.

ప్రశ్న: నేను చిత్రకళ అభ్యసిస్తున్న విద్యార్థినిని. మా తరగతిలో కొందరు పాత తలుపులు, నూనె పీపాలు, కారు బానెట్ల మీద స్ప్రే రంగులతో బొమ్మలు వేస్తున్నారు. చక్కని కాన్వాసు అందుబాటులో ఉండగా ఇలాంటి వస్తువులను ఎంచుకోవడంలో కొత్తదనం చూపాలనే తాపత్రయమే తప్ప కళాపరమైన కారణం ఏమైనా ఉన్నదా?

జవాబు: ఉన్నది. ఆ కారణం స్ప్రే డబ్బా పనిచేసే తీరులోనే ఉన్నది. కుంచె తన పని చేయాలంటే ఉపరితలాన్ని తాకవలసిందే. గరుకు తగిలితే దాని వెంట్రుకలు చీలిపోతాయి, గాడి అడ్డువస్తే గీత తెగిపోతుంది, మూల వస్తే రంగు అక్కడ ముద్దకడుతుంది. డబ్బాలోంచి వచ్చే రంగుకు ఈ చిక్కులు చాలా తక్కువ. అది సన్నని తుంపరగా గాలిలో కొంతదూరం ప్రయాణించి వాలుతుంది కనుక, చేయి వస్తువును తాకకుండానే గాడిలోకీ, మేకు తల చుట్టూ, జాలీ కన్నాల అంచులకూ చేరగలదు.

ఈ గుణాన్ని తరువాతి కాలపు కళాకారులు కొత్తగా కనిపెట్టలేదు. 1949లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, సికమోర్ అనే పట్టణంలో ఎడ్వర్డ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి తన అల్యూమినియం రంగును కొనుగోలుదారులకు చూపించడానికి సులువైన మార్గం వెతుకుతూ, భార్య బానీ ఇచ్చిన సలహాతో దానిని ఏరోసాల్ డబ్బాలో నింపాడు. ఆ రంగు గదులను వెచ్చగా ఉంచే ఇనుప రేడియేటర్ల కోసం తయారైనది, ఆ రేడియేటర్ల నిండా కుంచె దూరని మడతలే. అంటే స్ప్రే రంగు పుట్టిందే కష్టమైన ఉపరితలం కోసం. 1970లలో న్యూయార్క్ భూగర్భ రైలు పెట్టెల మీద బొమ్మలు వేసిన లీ కినోనెస్ వంటి యువకులు కిటికీలు, జారుడు తలుపులు, లోహపు అతుకులు చిత్రం మధ్యలో వస్తాయని ముందే లెక్కవేసుకోక తప్పలేదు. అనుమతి లేకుండా చేసిన ఆ పనిని సమర్థించవలసిన అవసరం లేదు గాని, అందులో కనబడే నైపుణ్యాన్ని కాదనలేము.

ఇక ఆకర్షణ విషయానికి వస్తే, తెల్లని కాన్వాసుకు తనదంటూ గతం ఉండదు; పాత తలుపుకు ఉంటుంది. గొళ్లెం మచ్చ, ఎండకు పగిలిన పాత రంగు, తుప్పు చార ఇవన్నీ బొమ్మ కింద మిగిలి ఉండి, బొమ్మలోకి తొంగిచూస్తాయి. ఫ్రాన్స్‌లో 2009లో ఆస్ట్రో, కానోస్ అనే ఇద్దరు కళాకారులు చెట్లకూ స్తంభాలకూ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను బిగించి చుట్టి దాని మీద స్ప్రే రంగులతో బొమ్మలు వేసే పద్ధతిని మొదలుపెట్టారు. అక్కడ బొమ్మ వెనక ఉన్న చెట్లూ, ఆకాశమూ, నడిచివెళ్లే మనుషులూ చిత్రంలో భాగమైపోతారు. మీ తరగతిలోని వారి పనిని కూడా ఈ కొలతతోనే చూడండి. అదే బొమ్మను కాన్వాసు మీద వేసినా ఏమీ తగ్గకపోతే, పీపాను ఎంచుకోవడానికి కారణం లేనట్టే. పీపా లేకుండా ఆ బొమ్మ నిలవదు అనిపిస్తే మాత్రం ఆ ఎంపిక సరైనదే.

ప్రశ్న: పాత ఇనుప రేకుల మీద సాధన చేస్తున్నాను. గీత మొదట్లో బొట్లు పడుతున్నాయి, చివర్లో రంగు కారిపోతోంది. ముదురు రంగు నుంచి లేతకు మెల్లగా మారే ఛాయలు అసలే రావడం లేదు. లోపం డబ్బాదా, నా చేతిదా?

జవాబు: రెండింటిలోనూ కొంత ఉండవచ్చు. ముందు డబ్బా సంగతి చూద్దాం. అందులో రంగుపొడి, దానిని ఉపరితలానికి అంటిపెట్టే జిగురు పదార్థం, ఆ జిగురును కరిగించి ఉంచే ద్రావకం, ఒత్తిడి వల్ల ద్రవరూపంలో ఉన్న ప్రొపేన్, బ్యూటేన్ లేదా డైమిథైల్ ఈథర్ వంటి వాయువు కలిసి ఉంటాయి. మీట నొక్కగానే ఆ ఒత్తిడి రంగును సన్నని గొట్టం గుండా పైకి నెడుతుంది, బయటి గాలి తగలగానే ద్రవంగా ఉన్న వాయువు ఒక్కసారిగా ఆవిరై రంగును తుంపరగా చిమ్ముతుంది. రంగుపొడి బరువుగా ఉండి అడుగున పేరుకుంటుంది కనుకనే లోపల చిన్న గోళీ వేస్తారు. ఆ గోళీ చప్పుడు స్పష్టంగా వినబడటం మొదలైన తరువాత కూడా ఒకటి రెండు నిమిషాలు ఊపాలి. చాలామంది చప్పుడు వినగానే ఆపేస్తారు, బొట్లు పడటానికి సాధారణంగా అదే కారణం.

మరొక కారణం చలి. ఆగకుండా కొడుతూ పోతే ఆవిరయ్యే వాయువు డబ్బాలోని వేడిని లాగేస్తుంది, డబ్బా చేతికి చల్లగా తగులుతుంది, ఒత్తిడి పడిపోతుంది, తుంపర ముతకబారుతుంది. ఒకే రంగు డబ్బాలు రెండు దగ్గర పెట్టుకుని మార్చి మార్చి వాడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. వేడి చేయాలనిపించినా మంట దగ్గరకు గాని, మరిగే నీటిలోకి గాని తీసుకువెళ్లకూడదు. 50 డిగ్రీలు దాటిన వేడికి డబ్బా పేలే ప్రమాదం ఉన్నది.

ఇప్పుడు చేయి. మీట నొక్కడానికి ముందే చేయి కదలడం మొదలుకావాలి, చేయి ఆగడానికి ముందే వేలు పైకి లేవాలి. ఈ ఒక్క క్రమం కుదిరితే మీరు చెప్పిన బొట్లూ కార్పులూ చాలావరకు పోతాయి. కదలిక మణికట్టుతో కాదు, భుజం నుంచి రావాలి. మణికట్టుతో తిప్పితే డబ్బా విల్లులా వంపు తిరిగి, గీత మధ్యలో దగ్గరగా, అంచుల్లో దూరంగా పడుతుంది. సమమైన పూతకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం పాటించండి. సన్నని గీతకు డబ్బాకు సన్నని ముక్కు (నాజిల్) బిగించి, 2 నుంచి 5 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చి, వేగంగా లాగండి. దగ్గరగా వచ్చి నెమ్మదిగా కదిలితే రంగు కారుతుంది. మరీ దూరంగా నిలబడితే తుంపర గాలిలోనే సగం ఆరిపోయి, పట్టు లేని పొడిలా వాలుతుంది.

ఛాయలు రావాలంటే దూరం, వేగం రెండూ ఒకే కదలికలో మారాలి. ముదురుగా ఉండవలసిన చోట దగ్గరగా మొదలుపెట్టి, చేయి ముందుకు సాగుతున్నకొద్దీ డబ్బాను వెనక్కు లాగుతూ వేగం పెంచాలి. డబ్బాను ఏటవాలుగా పట్టుకుంటే తుంపరలో ఒక అంచు గట్టిగా, మరొక అంచు మసకగా వస్తుంది. గుండ్రటి ఆకారానికి వెలుగునీడలు తేవడంలో ఆరితేరినవారు ఆధారపడేది ఎక్కువగా దీని మీదే. ఈ సాధనను కాగితం మీద కాక, మీరు చివరకు బొమ్మ వేయబోయే రకం రేకు మీదనే చేయండి. కాగితం రంగును పీల్చుకుని తప్పులను దాచిపెడుతుంది, రేకు వెంటనే బయటపెడుతుంది.

ప్రశ్న: థర్మోకోల్‌తో చేసిన ఒక ఆకృతి మీద స్ప్రే రంగు కొట్టగానే అది గుంటలు పడి కరిగిపోయింది. ఎందుకు?

జవాబు: థర్మోకోల్ అంటే గాలి నింపి ఉబ్బించిన పాలీస్టైరీన్. మామూలు స్ప్రే రంగులలోని ద్రావకాలు దానిని కరిగించేస్తాయి. నీటి ఆధారంగా తయారైన స్ప్రే రంగులు వాడండి, లేదా ముందుగా నీటితో కలిపే యాక్రిలిక్ రంగును కుంచెతో రెండు మూడు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఆ పూతలో గుండుసూదంత సందు మిగిలినా ద్రావకం అక్కడి నుంచే లోపలికి తొలుచుకుపోతుంది కనుక, అంచులూ అడుగుభాగమూ కూడా జాగ్రత్తగా కప్పాలి.

ప్రశ్న: ప్లాస్టిక్ కుర్చీ మీద, గాజు సీసాల మీద, జింకు పూత ఉన్న రేకు డబ్బా మీద బొమ్మలు వేశాను. వేసినప్పుడు బాగున్నాయి. కొద్ది వారాలకే కుర్చీ మీది రంగు గోటితో గీరితే పొరగా లేచి వచ్చింది, రేకు మీదిది పెచ్చులూడింది. మంచి రంగే వాడాను. ఏమి చేయాలి?

జవాబు: రంగు మంచిదైనా అది పట్టుకోవడానికి కింద ఆధారం ఉండాలి. మీరు పేర్కొన్న మూడూ మూడు వేర్వేరు కారణాల వల్ల రంగును వదిలేస్తాయి కనుక, వాటికి ఒకే మందు పనిచేయదు.

కుర్చీలు సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో తయారవుతాయి. ఆ జాతి ప్లాస్టిక్ ఉపరితలం మీద ద్రవాలు సరిగా పరుచుకోవు. నీటిబొట్టు వేస్తే పరుచుకోకుండా గుండ్రంగా నిలబడటం మీరే చూడవచ్చు. సబ్బునీటితో కడిగి, ఆరిన తరువాత సన్నని ఎమరీ కాగితంతో మెరుపు పోయేవరకు రుద్ది, ప్లాస్టిక్ కోసమే తయారుచేసిన పట్టు పెంచే ప్రైమరును, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూతను, పలచగా కొట్టి, దాని డబ్బా మీద రాసిన గడువు లోపలే రంగు వేయాలి. ఇంత చేసినా, మనిషి కూర్చుని లేచే చోట రాపిడికి రంగు అరిగిపోతుంది. బొమ్మను కుర్చీ వీపు వెనకభాగానికి పరిమితం చేయమని నా సలహా.

గాజుకు ప్రధాన శత్రువు చేతి జిడ్డు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచిన తరువాత వేలు తగలనివ్వకండి, మొదటి పూత దాదాపు కనబడనంత పలచగా వేయండి. ఆహారం, నీరు, పెదవి తగిలే చోట మాత్రం ఈ రంగులు వాడకూడదు.

జింకు పూత ఉన్న రేకు సంగతి కొంచెం లోతైనది. నూనె ఆధారంగా తయారైన ఆల్కిడ్ రంగులు జింకుతో కాలక్రమేణా రసాయనిక చర్య జరిపి, రంగుకూ లోహానికీ మధ్య సబ్బు వంటి పొరను ఏర్పరుస్తాయి. పైకి రంగు నిక్షేపంగా కనబడుతూనే లోపల పట్టు వదిలేస్తుంది, ఒకరోజు పెచ్చులుగా రాలుతుంది. మీ రేకు డబ్బా విషయంలో జరిగింది ఇదే కావచ్చు. జింకు, అల్యూమినియం వంటి లోహాలకు తగిన ప్రైమరు వేసి, పైన యాక్రిలిక్ రంగు వాడితే ఈ బాధ తప్పుతుంది. ఇనుము మీద తుప్పు ఉంటే, వదులుగా ఉన్నదంతా తీగల బ్రష్షుతో రాలగొట్టాలి. గట్టిగా అంటుకున్న తుప్పు రంగు బొమ్మలో కనబడాలనుకుంటే దానిని అలాగే ఉంచి పారదర్శకమైన వార్నిషు కొట్టవచ్చు గాని, కింద తుప్పు నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

ఇంకొక మాట. ఒక పూత మీద మరొక పూత ఎప్పుడు వేయాలన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, దానిని తప్పక చదవండి. చాలా ఆల్కిడ్ రంగుల విషయంలో మొదటి గంటలోపు గాని, ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరిన తరువాత గాని మాత్రమే రెండో పూత వేయాలి. మధ్యలో వేస్తే పై పూతలోని ద్రావకం సగం ఆరిన కింది పూతను ఉబ్బించి ముడతలు పడేటట్లు చేస్తుంది.

ప్రశ్న: పీపా మీద ఒక ముఖం వేశాను. ఎదురుగా నిలబడితే చెవులు అణిగిపోయినట్లు, పక్కకు జరిగితే ముక్కు వంకరపోయినట్లు కనబడుతోంది. మడతల షట్టరు మీద వేసినదైతే కింది నుంచి చూస్తే చారలు చారలుగా ఉంది. వంపులూ గాళ్లూ ఉన్నచోట కొలతలు ఎలా కుదురుతాయి?

జవాబు: ఈ కళలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కు ఇదే. గుండ్రటి పీపాను ఎక్కడ నిలబడి చూసినా దాని చుట్టుకొలతలో సగానికి తక్కువే కనబడుతుంది, అందులోనూ అంచులకు దగ్గరైనకొద్దీ వెడల్పు కుదించుకుపోతుంది. కాబట్టి చూసేవారు ఎక్కడ నిలబడతారో ముందు నిర్ణయించుకోవాలి. ఒకే స్థానం అయితే, అక్కడి నుంచి చూసినప్పుడు సరిగా కనబడేటట్లు అంచుల వద్ద రూపాలను వెడల్పుగా సాగదీయాలి. జనం చుట్టూ తిరిగే చోటైతే ఒకే పెద్ద ముఖం వేయాలన్న పట్టు వదులుకుని, చుట్టూ సాగిపోయే పక్షుల వరుస, అలలు, తీగలు వంటి వాటిని ఎంచుకోవడం మేలు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బ్రిమ్ అనే చిన్న ఊరిలో, గ్విడో వాన్ హెల్టెన్ అనే కళాకారుడు 2016లో పూర్తిచేసిన రైతుల చిత్రాలు ధాన్యం నిలవచేసే ఎత్తైన గుండ్రటి గాదెల మీద ఉన్నాయి. ఆ వంపుల మీద నిలువెత్తు మనుషులు చూసేవారికి సహజంగా కనబడటం వెనక ఇటువంటి లెక్క ఎంతో ఉంటుంది.

చిన్న బొమ్మను పెద్ద ఉపరితలం మీదికి ఎక్కించడానికి గళ్లు గీసుకోవడం పాత పద్ధతి. వంపుల మీద గళ్లు కూడా వంగిపోతాయి కనుక, చాలామంది ఇప్పుడు ఉపరితలం నిండా అక్షరాలు, సున్నాలు, మెలికలు అడ్డదిడ్డంగా గీసి, దానిని చూసేవారి స్థానం నుంచి ఫోటో తీసి, ఆ ఫోటో మీద తమ బొమ్మను ఫోనులోనే పారదర్శకంగా పరుస్తారు. కన్ను ఏ మెలిక మీద పడిందో, గడ్డం ఏ సున్నాను తాకిందో చూసుకుంటూ గీస్తే, వంపు ఎలా ఉన్నా కొలత తప్పదు.

షట్టరు విషయంలో మీరు ఎదురుగా నిలబడి మాత్రమే కొట్టి ఉంటారు. ప్రతి మడతకూ పైభాగం, ముందుభాగం, కిందిభాగం ఉంటాయి. అడుగు పూతను మూడు కోణాల నుంచి, అంటే పైనుంచి కిందికి ఏటవాలుగా, కిందినుంచి పైకి ఏటవాలుగా, చివరగా నేరుగా కొట్టాలి. వివరాలున్న గీతలను మాత్రం నేరుగానే వేయాలి. షట్టరు చుట్టుకున్నప్పుడు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి కనుక పలచని పూతలే మంచివి, పూర్తిగా ఆరేవరకు దానిని పైకి ఎత్తకూడదు.

ఈ చిక్కును తిరగవేసి లాభం పొందినవారూ ఉన్నారు. పోర్చుగల్‌కు చెందిన ఒడైత్ అనే కళాకారుడు పాడుబడిన కాంక్రీటు దిమ్మె ఒకదానిని, నిర్ణీత స్థానం నుంచి చూస్తే శిథిలమైన బస్సుగా కనబడేటట్లు మార్చాడు. దిమ్మె మూలలు బస్సు మూలలయ్యాయి, మిగిలినదంతా ఛాయల పని. 2014లో బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు ప్రయాణించిన బోయింగ్ 737 విమానం మీద ఒస్‌జెమియోస్ అనే కవల సోదరులు నిండుగా ముఖాలు చిత్రించారు. విమానపు ఒంటి వంపూ, కిటికీల వరుసా ఆ ముఖాల మధ్య ఎలా ఒదిగిపోయాయో ఫోటోలు దొరికితే తీరికగా చూడండి.

హెల్మెట్ మీద వేయవచ్చా అని మరొకరు అడిగారు. ద్రావకాలు కొన్ని రకాల ప్లాస్టిక్ చిప్పలను బలహీనపరుస్తాయి, ఆ బలహీనత కంటికి కనబడదు. తలకు పెట్టుకునే హెల్మెట్ అయితే, తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప, దాని మీద స్ప్రే రంగు కొట్టకండి.

ప్రశ్న: చెట్ల మొదళ్ల మీద, కొండరాళ్ల మీద, పచ్చిక మీద స్ప్రే రంగుతో బొమ్మలు వేయవచ్చునా?

జవాబు: బతికి ఉన్న చెట్టు మీద వద్దు. బెరడులోని సన్నని రంధ్రాల గుండా చెట్టుకూ బయటి గాలికీ మధ్య వాయువుల మార్పిడి జరుగుతుంది, రంగు పొర వాటిని మూసేస్తుంది. కొండరాళ్ల మీద కూడా వద్దు. అక్కడి పాచినీ, నాచునీ రంగు చంపుతుంది. తరువాత దానిని తుడిచే రసాయనాలు రాయిని కూడా తినేస్తాయి. కూలిపోయిన మొద్దు, రంపంతో కోసిన చెక్క, ఎండిన పెద్ద ఆకు వంటివి ఉండగా వీటి జోలికి వెళ్లవలసిన పని లేదు. ఎండుటాకు మీద వేయాలనుకుంటే, బరువు కింద పెట్టి చదును చేసి, రెండువైపులా పలచని వార్నిషు కొట్టిన తరువాత వేయండి. దాని మీది మైనపు పొర వల్ల మొదటి పూత నిలవడం కష్టం.

పచ్చిక సంగతి వేరు. సైప్ అనే ఫ్రాన్స్ కళాకారుడు సుద్ద, బొగ్గు, పాలలోని కేసీన్ వంటి వాటితో తానే తయారుచేసుకున్న రంగును, డబ్బాతో కాక యంత్రపు స్ప్రే గొట్టంతో గడ్డి మీద చిమ్ముతాడు. 2019లో పారిస్‌లోని ఐఫిల్ టవరు పక్క మైదానంలో ఒకరి ముంజేతిని ఒకరు పట్టుకున్న చేతుల గొలుసును దాదాపు 600 మీటర్ల పొడవున వేశాడు. గడ్డి పెరిగి, కోతపడి, కొద్ది వారాలలో బొమ్మ మాయమవుతుంది. బజారులో దొరికే మామూలు స్ప్రే డబ్బాతో దీనిని అనుకరించడం గడ్డికీ నేలకీ హాని.

ప్రశ్న: ముందే కత్తిరించిన అచ్చు (స్టెన్సిల్) పెట్టి కొట్టడం నిజమైన నైపుణ్యం కాదని మిత్రులు అంటున్నారు.

జవాబు: వారి మాటతో ఏకీభవించను. బ్లెక్ ల రా అనే కళాకారుడు 1980ల ఆరంభం నుంచి పారిస్ వీధులలో అచ్చులతోనే గొప్ప బొమ్మలు వేశాడు. అచ్చులో నైపుణ్యం కత్తెర దగ్గర ఉంటుంది. కంటిలోని వెలుగు వంటి విడి ముక్కలు రాలిపోకుండా సన్నని వంతెనలు ఎక్కడ వదలాలో, వాటిని బొమ్మలో ఎలా కలపాలో ఆలోచించడమే అసలు పని. గరుకు ఉపరితలం మీద అచ్చు కింద సందుల్లోకి తుంపర పాకుతుంది కనుక, వెనక పలచని జిగురు కొట్టి, డబ్బాను ఉపరితలానికి నేరుగా పట్టుకుని, చాలా పలచగా రంగు వేయండి.

ప్రశ్న: ఇంటి లోపలి గదిలో, ముక్కుకు రుమాలు కట్టుకుని స్ప్రే చేస్తున్నాను. చాలునా?

జవాబు: చాలదు. రుమాలు గాని, శస్త్రచికిత్సకు వాడే పలచని మాస్కు గాని ద్రావకాల ఆవిరిని ఆపలేవు. ఆవిరిని పీల్చుకునే కార్బన్ గుళికలు (కార్ట్రిడ్జ్‌లు), తుంపరను ఆపే వడపోతలు రెండూ ఉన్న రెస్పిరేటర్ వాడాలి, అది ముఖానికి బిగుతుగా అంటుకోవాలి. మాస్కు వేసుకున్నా రంగు వాసన తగులుతున్నదంటే గుళిక పని అయిపోయిందని గాని, అంచుల్లో సందు ఉన్నదని గాని అర్థం. నైట్రైల్ చేతితొడుగులు, కళ్లజోడు కూడా తప్పనిసరి. మూసిన గదిలో పని మానండి. డబ్బాలోని వాయువు గాలి కంటే బరువైనది, నేల దగ్గర చేరి ఉంటుంది, పొయ్యిలోని మంటకో, స్విచ్చులోని నిప్పురవ్వకో అంటుకోగలదు. రెండు భాగాలు కలిపి వాడే గట్టి వార్నిషు డబ్బాలలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఉబ్బసం వంటి వ్యాధిని కలిగిస్తాయి. తగిన శిక్షణ, రక్షణ లేనివారు వాటిని వాడనే కూడదు.

ప్రశ్న: ఇంత శ్రమపడి వేసిన బొమ్మ ఎంతకాలం నిలుస్తుంది? ఖాళీ అయిన డబ్బాలను ఏమి చేయాలి? వాటి మీద కూడా బొమ్మలు వేయవచ్చా?

జవాబు: నీడలో ఉన్నది చాలా ఏళ్లు ఉంటుంది. ఎండలో ఉన్నది ముందుగా కొన్ని ఎరుపులనూ, పసుపులనూ, ప్రకాశవంతమైన ఫ్లోరోసెంట్ రంగులనూ కోల్పోతుంది. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే వార్నిషు రంగు వెలిసే వేగాన్ని తగ్గిస్తుంది గాని, పూర్తిగా ఆపదు. అయితే నిలిచి ఉండటమే ఈ కళకు కొలమానమని నేను అనుకోను. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, అమరిల్లో దగ్గర, యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం 1974లో పది కాడిలాక్ కార్లను ముక్కు భూమిలో దిగేటట్లు ఏటవాలుగా పాతిపెట్టింది. అక్కడికి వచ్చేవారు వాటి మీద స్ప్రే చేసి వెళుతూనే ఉన్నారు, నిన్నటి బొమ్మ ఇవాళ కనబడదు, కారు ఒంటి మీద రంగు మాత్రం దళసరిగా పేరుకుపోతూనే ఉన్నది. దానిని చూడవచ్చేవారికి అదే ఆకర్షణ.

ఖాళీ డబ్బాను నిరభ్యంతరంగా బొమ్మకు వాడుకోవచ్చు, దానిని ప్రత్యేకంగా ఎంచుకునే కళాకారులు ఎందరో ఉన్నారు. ముందుగా డబ్బాను తలకిందులుగా పట్టుకుని, ఆరుబయట, శబ్దం ఆగేవరకు మీట నొక్కి వాయువంతా పోనివ్వండి. అప్పుడు కూడా దానికి కన్నం పెట్టకండి, నిప్పులో వేయకండి. పైనున్న పాత ముద్రణను ఎమరీ కాగితంతో మెరుపు పోయేవరకు రుద్ది, లోహపు ప్రైమరు పలచగా వేసి, లోపలినుంచి కర్ర దూర్చే వీలు లేదు కనుక అడుగున రెండు వైపులా అంటించే టేపుతో ఒక చెక్కముక్కకు నిలబెట్టి, చుట్టూ తిప్పుతూ రంగు వేయండి.